మా వదిన డ్యూటీ కుట్టు

మా ఇంటికి వచ్చినవాళ్లు ముందు గోడలు చూస్తారు. తర్వాత మా వదిన వైపు తిరిగి "ఎంత ఓపికమ్మా నీకు!" అంటారు. ముప్పై ఆరేళ్లుగా ఈ మాట వింటున్నాను. విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. మా వదిన డోర్కాస్‌కు ఓపిక అనేదే లేదు. పొయ్యి మీద పాలు పెడితే పొంగేదాకా నిలబడలేదు. కూడికలో పాస్టరుగారు మూడో పాట ఎత్తుకున్నారంటే కాలి బొటనవేలితో చాప కొస పీకడం మొదలుపెడుతుంది. అలాంటి మనిషి చేత గోడలనిండా అన్నన్ని పటాలు కుట్టించింది ఓపిక కాదు, భయం. ఆడపడుచు అర్ధమొగుడు అంటారు కదా, ఆ లెక్కన మా అన్నకు తెలియని సగం నాకు తెలియాలి. తెలుసు కూడా.

నా పేరు పుష్పరాణి. రైల్వే బడిలో తెలుగు పంతులమ్మగా చేసి రిటైరయ్యాను. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగినవాళ్లందరికీ ఒకప్పుడు జవాబు చెప్పేదాన్ని, ఇప్పుడు వాళ్లే మానేశారు. బెంగాల్లో ఈ సంత్రాగాఛి రైల్వే క్వార్టర్సులో మా అన్న జ్ఞానానందంతో పాటే మొదటినుంచీ ఉన్నాను. అన్న గూడ్సు బండికి గార్డు. ప్యాసింజరు బండికైతే వేళ ఉంటుంది. గూడ్సుకు ఏముంది? ఎక్కడో ఓ చిన్న స్టేషన్లో పక్క లైన్లోకి తోసేస్తే, వెనకాల వచ్చేవన్నీ వెళ్లేదాకా అక్కడే. రేపొస్తానన్న మనిషి ఎల్లుండి వస్తాడు, ఎల్లుండి వస్తానన్నవాడు ఎప్పుడొస్తాడో వాడికే తెలియదు. అప్పట్లో ఇళ్లలో ఫోన్లు లేవు.

వదిన భోగాపురం దగ్గరనుంచి మా ఇంటికి కోడలుగా వచ్చిన మూడో వారం అన్నకు మొదటి రెండు రోజుల డ్యూటీ పడింది. రెండో రోజు సాయంత్రానికి అన్న రాలేదు. వదిన కాలు కాలిన పిల్లిలా గేటుకీ గుమ్మానికీ తిరుగుతోంది. మా అమ్మ అప్పలకొండమ్మ వెళ్లి ఆ పిల్లను చెయ్యి పట్టుకుని లోపలికి తెచ్చింది. (అమ్మ బాప్తిస్మం తీసుకుంది కానీ పేరు మాత్రం మార్చుకోలేదు, "దేవుడికి పాత పేరు తెల్దేటి?" అనేది.) పీట వేసి కూర్చోబెట్టి, ఒళ్లో గళ్లు గళ్లుగా నేసిన మ్యాటీ గుడ్డ ముక్క, సూది, రెండు రంగుల దారాలు పడేసింది.

"కూకో. గళ్లు లెక్కెట్టుకుని కుట్టు. ఆడు గుమ్మంలో జోళ్లు ఇప్పేదాకా సూది ఆపకు. గేటుకాడికి ఎల్లకు. లాబీకి అసలే ఎల్లకు."

లాబీ అంటే డ్రైవర్లూ గార్డులూ బండి ఎక్కే ముందూ దిగిన తర్వాతా సంతకాలు పెట్టే ఆఫీసు. ఏ బండి ఎక్కడుందో, ఎవరు ఎక్కడ దిగారో అక్కడ ఉంటుంది సమాచారం. స్టేషనుకు అవతలి వైపు, మా ఇంటికి పది నిమిషాల నడక. మగవాళ్లు ఉండే చోటు కదా, ఆడవాళ్లు పోయి నిలబడితే బాగుండదని అత్త అంటోంది కాబోలు అనుకుంది వదిన. అలాగే అనుకోనిచ్చాం. అసలు కారణం నాకూ, మా అమ్మకూ తెలుసు, మా అన్నకు తెలుసు. ముగ్గురం వదినకు చెప్పలేదు.

నాకు తొమ్మిదేళ్లప్పుడు, ఒక చలికాలం పొద్దున, యార్డులో పెట్టెలు కలిపే షంటింగు పనికి వెళ్లిన మా నాన్న కూర్మయ్య వేళకు ఇంటికి రాలేదు. మంచు బాగా పట్టింది. అమ్మ నన్ను వెంటబెట్టుకుని యార్డు ఆఫీసుకు వెళ్లి అడిగింది. బల్ల వెనక కూర్చున్న పెద్దమనిషి అమ్మను చూసి లేచి నిలబడ్డాడు. రైల్వే ఆఫీసులో బల్ల వెనక మనిషి ఖలాసీ పెళ్లాన్ని చూసి లేచి నిలబడటం మా అమ్మ ఎప్పుడూ చూడలేదు. ఆయన నోరు విప్పకముందే ఆమెకు అర్థమైపోయింది. ఆ రోజునుంచి చచ్చేదాకా మా అమ్మ నమ్మకం ఒకటే. అడగబట్టి పోయాడు, అడక్కుండా ఇంట్లో కూర్చుని ఉంటే వచ్చేవాడు. నేను పిల్లలకు తర్కం, హేతువు, వ్యాసరచన అన్నీ చెప్పాను. ఇంటికొచ్చి మా అమ్మ చెప్పిందే నమ్మాను.

అలా మొదలైన సూది ఆగలేదు. మొదటి పటం ఎర్ర చిలక. ముక్కు రెండు గళ్లు ఎక్కువ పొడుగైంది. అదింకా ముందుగదిలో తలుపు పైన ఉంది. తర్వాత నెమళ్లు, హంసలు, వాక్యాలు, గులాబీలు, సోఫా వీపులకు గుడ్డలు, టీవీ మీదకు క్రోషా అల్లిక, గుమ్మానికి పూసలు కుట్టిన తోరణం. వచ్చినవాళ్లకు అవి బొమ్మలు. వదినకు మాత్రం ఒక్కొక్కటీ ఒక్కో డ్యూటీ. "ఈ జంట హంసలు బొండాముండా. ఈ ద్రాక్షగుత్తి టాటానగర్, జొరంతో ఎల్లాడు. ఇదిగో, ఇది ఒడిశా తుపాను," అని నాకు ఒక్కదానికే చెప్పేది. తుపాను పటం మా ఇంట్లో అన్నిటికంటే పెద్దది. కొండ, వాగు, గొర్రెలమంద. అన్న అయిదు రోజులు రాలేదు. గొర్రెలు మాత్రం ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. చివరికి గుడ్డలో చోటు చాలక కొన్ని కొండ ఎక్కాయి.

అన్న జోళ్లు గుమ్మంలో విప్పిన చప్పుడు వినగానే సూది ఎక్కడున్నది అక్కడే గుచ్చేసేది. ఆయన ఇంట్లో ఉన్నంతసేపు కుట్టు ముట్టుకునేది కాదు. ఒక ఆకు సగంలో ఆగిపోయి నెలరోజులు అలాగే ఉండేది. ఇల్లంతా గలగల్లాడుతూ తిరిగేది, అన్నను ఏడిపించేది, నాతో దెబ్బలాడేది. మళ్లీ డ్యూటీ కబురు రాగానే మూతి బిగుసుకునేది, పెట్టె తెరుచుకునేది.

అన్న రిటైరయ్యే వేళకు ఈ సూదికి కూడా పెన్షను వస్తుందనుకున్నాను. ఎక్కడ? అప్పటికే కొడుకు బ్లెస్సన్ అసిస్టెంటు లోకో పైలటుగా ఇంజను ఎక్కేశాడు. గార్డు బండికి చివర ఉంటాడు, వీడు మొదట్లో. ఇంజన్లో ఫోను ఆపేసి ఉంచాలని నియమం. అంచేత ఇంటినిండా ఫోన్లున్న ఈ కాలంలోనూ మా వదినకు పాత కథే. అమ్మ పోయి పన్నెండేళ్లయినా పీట అక్కడే ఉంది, వదిన దాని మీదే కూర్చుంది.

పోయిన జనవరిలో బ్లెస్సన్ పెళ్లయింది. కోడలు కారుణ్య లిలువా పిల్ల, వాళ్ల నాన్న అక్కడి రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. తల్లి చిన్నప్పుడే పోయింది. పిల్ల ఒక ప్రైవేటు ఆస్పత్రిలో నర్సు. తెలుగు మాట్లాడుతుంది గానీ చదవలేదు, మా గోడల మీది వాక్యాలు నాచేత చదివించుకునేది. బెంగాలీ, హిందీ, తెలుగు మూడూ ఒకే వాక్యంలో వండేస్తుంది. వచ్చిన రోజునే గోడలన్నీ చేత్తో తడుముతూ తిరిగింది.

"దారుణ్, అత్తమ్మా! ఇవన్నీ మీరే చేశారా? నాక్కూడా నేర్పండి. మా అమ్మ ఉంటే నేర్పేది కదా."

(బెంగాలీలో దారుణ్ అంటే బ్రహ్మాండం అని.) వదిన చెంబు తీసుకుని పెరట్లోకి వెళ్లిపోయింది. కొత్త సిగ్గేమో అనుకుంది పిల్ల. వారం పోయాక మళ్లీ అడిగింది. "నేర్పను. మరడక్కు," అంది వదిన. కారణం లేదు, నవ్వు లేదు.

నాకు చిర్రెత్తుకొచ్చింది. మా సంఘంలో ఆడపిల్ల అయినదల్లా మా వదిన చేతికింద సూది పట్టినదే. గుమాస్తా గారి పిల్లలు, ప్యూను గారి పిల్లలు, వంట రాని పిల్లలు, మాట వినని పిల్లలు, అందరికీ నేర్పింది. ఎవరు కుట్టి తెచ్చినా ముందువైపు చూసేది కాదు. "ఎనక సూపించు," అనేది. వెనక దారం ఎలా నడిచిందో చూసి మార్కులు వేసేది. ఊరందరికీ నేర్పి ఇంటికొచ్చిన పిల్లకు నేర్పనంటే దాన్ని ఏమనాలి? అత్తరికం అనాలి. అన్నాను కూడా. "అత్త చచ్చిన పన్నెండేళ్లకు నీకు అత్త పూనిందా వదినా?" అని మొహం మీదే అడిగాను. నా వైపు చూసి, చేట తీసుకుని బియ్యం ఏరడం మొదలెట్టింది.

కారుణ్య ఊరుకునే రకం కాదు. బస్టాండు దగ్గర దుకాణంలో మూడు చెక్క రింగులు, గోధుమరంగు గుడ్డ, దారాలు కొనుక్కొచ్చింది. ఫోన్లో వీడియోలు పెట్టుకుని మొదలెట్టింది. మా సంత్రాగాఛి చెరువును మూడు ముక్కలుగా కుట్టాలట. ఒక రింగులో చలికాలం వచ్చే బాతులు, ఒక రింగులో నీళ్లు, ఒక రింగులో గుర్రపుడెక్క పూలు. పని అయ్యాక గుడ్డను రింగులోంచి తీయరట. చుట్టూ మిగిలిన అంచును వెనక్కి మడిచి దారంతో ముడుచుకొచ్చేలా లాగి, ఆ రింగునే పటంగా గోడకు తగిలిస్తారట. ముందుగదిలో కిటికీ పక్కన ఖాళీ ఉన్న ఒకే ఒక్క జాగా అందుకోసం చూసుకుంది.

"అద్దం నేకపోతే దుమ్మట్టదేటి?" అని వదిన నోరు జారింది. వెంటనే పెదవి కొరుక్కుంది.

పాపం, పిల్లకు చేత కావడం లేదు. దారంలో ఆరు పోగులుంటే రెండు విడదీసి కుట్టాలి కదా, ఆరూ కలిపి లాగేది. బాతు మెడ తాడులా లేచేది. పూలకు ముడికుట్టు వేస్తే, సూది చుట్టూ తిప్పిన దారాన్ని వేలితో బిగబట్టకుండా లాగడంవల్ల ముడి జారి గుడ్డ వెనక్కి దూరిపోయేది. వెనకవైపు చూస్తే పిట్టగూడే. వదిన అటు చూడకుండా ఉండటానికి పడే అవస్థ చెప్పనలవి కాదు. ముళ్ల మీద కూర్చున్నట్టు మెసిలేది, చేతులు రెండూ తొడల కింద పెట్టుకునేది, లేచి వెళ్లి అక్కర్లేని గిన్నెలు తోమేది.

మార్చిలో ఒక మధ్యాహ్నం కారుణ్య డ్యూటీకి వెళ్లింది. నేను నిద్ర లేచి ముందుగదిలోకి వస్తే, వదిన ఆ రింగు ఒళ్లో పెట్టుకుని, ఆ పిల్ల వేసిన ముడులు ఒక్కొక్కటే విప్పి మళ్లీ వేస్తోంది. దొంగ దొరికినట్టు ఉలిక్కిపడింది.

"ఇదేం బుద్ధి వదినా? నేర్పనంటావు, చాటుగా దిద్దుతావు."

"అలా జారిపోతంటే సూడ్డం నావల్ల అవట్నేదు పుష్పా."

"నేర్పితే జారవు కదా! అందరికీ నేర్పావు..."

"అందరికీ?" అంది వదిన. సూది గుచ్చి రింగు పక్కన పెట్టింది. "నాను నేర్పినోళ్లందర్నీ ఓపాలి తలుసుకో. ఒక్కదాని మొగుడైనా, బాబైనా బండెక్కుతాడేటి? గుమాస్తాలు, ప్యూన్లు, వర్క్‌షాపోళ్లు. అయిదింటికి ఇంటికొచ్చేవోళ్లు. ఆ గుంటలకి ఇది సరదా. మరి ఈ గుంట? సూది పట్టుకుని గుమ్మం కేసి సూస్తాది. నన్ను మీ అమ్మ కూకోబెట్టీసింది. నాను దీన్ని కూకోబెట్టీసి సచ్చిపోవాలేటి?"

నిజమే, లైను మీద తిరిగేవాళ్ల ఇళ్లలో ఒక్క ఆడపిల్లకు కూడా ఆమె సూది ఇవ్వలేదు. అన్నేళ్లు పక్కనే ఉండి గమనించలేదు. "ఆ మాట పిల్లకు చెప్పొచ్చు కదా," అన్నాను చివరికి.

"ఏటని? నీ మొగుడు ఎల్లినప్పుడల్లా నాకు పేనం పోతాదని సెప్పనా? అది కొత్తగా నవ్వుతంది, నవ్వనీ."

కానీ ఆ పిల్ల నవ్వడం తగ్గింది. నేర్పనన్న మాటను ఆమె వేరే రకంగా తీసుకుంది. తల్లి లేని పిల్ల కదా, అత్త సూది చేతికిస్తే ఈ ఇంటి మనిషినవుతానని ఆశపడింది. ఇవ్వకపోయేసరికి, ఎప్పటికీ బయటిదాన్నే అనుకుంది. జూన్ కల్లా బ్లెస్సన్‌తో లిలువాలో వేరే ఇల్లు చూద్దామని అనడం నా చెవిన పడింది. జూలైలో ఇద్దరూ వెళ్లి ఒకటి చూసి కూడా వచ్చారు. వదినకు తెలుసు. వెళ్తే వెళ్లనీ అన్నట్టు మొండికేసింది, లోపల మాత్రం కుమిలిపోతోంది. అక్కడైతే ఈ పిల్ల ఒంటరిగా గుమ్మం చూస్తూ కూర్చుంటుందన్న దిగులు ఆమెకు పట్టుకుంది. ఎటు తిప్పినా దారి లేదు. నా సలహా ఎవరూ అడగలేదు. అడిగినా నా దగ్గర ఏమీ లేదు.

ఆగస్టులో ఒక బుధవారం మధ్యాహ్నం బ్లెస్సన్ గూడ్సు ఎక్కాడు. గురువారం తెల్లారేసరికి ఇంట్లో ఉండాలి. బుధవారం సాయంత్రం మొదలైన వాన గురువారం కూడా తెరిపివ్వలేదు. టికియాపారా దగ్గర పట్టాల మీద నీళ్లు నిలిచి లోకల్ బళ్లు ఆపేశారని పొద్దున్నే తెలిసింది. ఎనిమిదైంది, పదైంది, ఒంటిగంటైంది. బ్లెస్సన్ ఫోను స్విచాఫ్. మా అన్న చుట్టాలింట్లో ప్రతిష్ఠ కూడికకని భోగాపురం వెళ్లి ఉన్నాడు. ఫోన్ చేస్తే, "లైన్లు మునిగుంటాయి. ఆడికేటవదు, కూకోండి. లాబీకి మాత్రం ఎల్లకండి, అమ్మ మాట," అని పెట్టేశాడు. ముప్పై తొమ్మిదేళ్లు రైల్వేలో చేసిన మనిషి! తను రోజూ సంతకం పెట్టిన ఆఫీసంటే ఆయనకూ మాలాగే దడ.

రెండింటికి, మేం బౌది అని పిలిచే ఎదురింటి బెంగాలీ ఆవిడ గొడుగేసుకుని వచ్చింది. పాపం మంచి మనిషే, మంచివాళ్లే ఇలాంటివి మోసుకొస్తారు. ఎక్కడో గూడ్సు బండి పట్టాలు తప్పిందని టీవీలో వేశారట, ఎక్కడో సరిగ్గా వినలేదట.

ఆమె వెళ్లిపోయింది. వదిన పీట మీద కూర్చుని కుడుతోంది. ఏం కుడుతోందో ఆమెకే తెలియదు, పచ్చ రంగు గడ్డిలో ఎర్రదారం పోతోంది. నేను కిటికీ దగ్గర నిలబడి మా అమ్మ మాట జపంలా అనుకుంటున్నాను. అడక్కూడదు, అడక్కపోతే వస్తాడు. కారుణ్య ఆ చిన్న గదిలో ఈ మూలనుంచి ఆ మూలకు తిరుగుతోంది. ఫోను తెరుస్తుంది, మూస్తుంది, మళ్లీ తెరుస్తుంది. చటుక్కున ఆగింది.

"పిన్నీ, లాబీ పది నిమిషాలే కదా. నేను వెళ్లి అడిగొస్తా."

"వద్దు!" అని అరిచాను. అంత గొంతు నా క్లాసులో కూడా ఎత్తలేదు.

పిల్ల బిత్తరపోయింది. కళ్లనిండా నీళ్లు. గోడకు జారబడి కూర్చుంది. కాసేపటికి అలాగే జరుగుతూ వదిన ముందుకు వచ్చి చెయ్యి చాపింది.

"అయితే నాకూ ఓ సూది ఇవ్వండి అత్తమ్మా. నేర్పొద్దులెండి. ఊరికే ఇవ్వండి. చేతులు నిలవట్లేదు."

వదిన ఆ చేతిని చూసింది. ఎంతోమందికి ఇంజక్షన్లు చేసిన చెయ్యి అది. వదిన చేతిలో కుట్టుగుడ్డను ఉండ చుట్టి నేల మీద పడేసింది. జోళ్లు గుమ్మంలో విప్పకముందే ఆమె సూది ఆపడం ఈ ముప్పై ఆరేళ్లలో నేను చూడలేదు.

"లెగు. జోళ్లేసుకో," అంది కారుణ్యతో.

నేను గుమ్మానికి అడ్డం నిలబడ్డాను. సిగ్గులేకుండా చెబుతున్నాను, రెండు చేతులూ చాపి నిలబడ్డాను. "వదినా, వద్దు. అమ్మ వద్దంది."

"మీ అమ్మ నన్ను కూకోమంది, కూకున్నాను. ఈ గుంటని కూకోమనడానికి నాకు నోరు రాదు. తప్పుకో పుష్పా."

తప్పుకున్నాను. వెనకాలే వెళ్లాను. సందులో పిక్కల దాకా నీళ్లు. కారుణ్య వదిన చెయ్యి పట్టుకుంది, ఎవరు ఎవర్ని నడిపిస్తున్నారో తెలియడం లేదు. ఓవర్‌బ్రిడ్జి మెట్ల మీద నేను రెండుసార్లు ఆగాను. నీళ్లు ఇంకా పెరిగితే బాగుండును, వీళ్లు వెనక్కి తిరిగితే బాగుండును అని కోరుకున్నాను. వాడికి ఏమైందో అన్న భయం కంటే, అడిగితే ఏమవుతుందో అన్న భయమే నాకు పెద్దదైంది.

లాబీ అంటే నేను ఊహించుకున్నదేదీ అక్కడ లేదు. ఒక మామూలు గది. రెండు కంప్యూటర్లు, ఓ బెంచీ, తడిసిన గొడుగులు. బల్ల వెనక ముప్పై ఏళ్ల కుర్రాడు, జేబు మీద అభిజిత్ అని పేరు. మమ్మల్ని చూడగానే అతను లేచి నిలబడ్డాడు.

గోడ పట్టుకున్నాను. యాభై ఏళ్లనాటి ఆ పొద్దుటి మంచు, మా అమ్మ చెయ్యి నా చేతిని నలిపేసిన నొప్పి, అంతా ఒక్కసారి వచ్చి మీద పడింది. చెవులు మూసుకుందామనుకున్నాను, చేతులు లేవలేదు.

"బోషున్, మాషీమా," అన్నాడతను, తన కుర్చీ ఇవతలికి జరుపుతూ. కూర్చోండి పిన్నిగారూ అంటున్నాడు. పెద్దవాళ్లు తడిసి వచ్చారని కుర్చీ ఇవ్వడానికి లేచాడు.

వదిన కూర్చోలేదు. బల్ల అంచు పట్టుకుని బెంగాలీలో అడిగింది. మా అబ్బాయి, బ్లెస్సన్, అసిస్టెంటు, నిన్న మధ్యాహ్నం ఎక్కాడు. అంతే. అభిజిత్ మీటలు నొక్కాడు, తెర మీదికి వంగి చూశాడు. ఒక్క నిమిషం కూడా పట్టలేదు.

"ఖరగ్‌పూర్‌లో ఉన్నాడు మాషీమా. వాన వల్ల వాళ్ల బండి అక్కడే ఆపేశారు. పొద్దున పదకొండుకు డ్యూటీ దిగినట్టు సంతకం ఉంది. రన్నింగ్ రూములో పడుకుని ఉంటాడు. ఉండండి." ఎవరికో ఫోన్ చేసి రెండు ముక్కలు మాట్లాడాడు. "ఆ, నిద్రపోతున్నాడు. లేపమంటారా?"

"పడుకున్నాడా!" అంది కారుణ్య. "ఫోన్ ఆన్ చెయ్యకుండా పడుకున్నాడా! రానీ, వాడి పని చెప్తా." అంటూనే వదిన భుజం మీద తల పెట్టి ఏడ్చేసింది. వదిన ఆ పిల్ల వీపు నిమురుతూ అభిజిత్‌ను ఇంకో మాట అడిగింది.

"ఎవరొచ్చి అడిగినా ఇలా చెబుతారా?"

"ఎందుకు చెప్పం? రోజూ ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. ఫోన్ చేసినా చెబుతాం."

"ఎప్పటినుంచి?"

అతనికి ప్రశ్న అర్థం కాలేదు. "మొదటినుంచీ అంతే మాషీమా. మా నాన్న కూడా లాబీలోనే చేశారు. ఆయన రోజుల్లో ఇళ్లకు ఫోన్లు లేవు కదా, అప్పుడైతే ఇంకా ఎక్కువమంది వచ్చేవారట."

వదిన అప్పుడు బెంచీ మీద కూర్చుంది. చీర కుచ్చిళ్లనుంచి నీళ్లు కారుతున్నాయి. నా వైపు చూసింది.

"నీకు తెలుసా పుష్పా? అడిగితే సెప్తారని?"

"తెలియదు వదినా. ఒట్టు. మేమెప్పుడూ అడగలేదు."

ఇక దాచడం నావల్ల కాలేదు. ఆమె పక్కన కూర్చుని, మా నాన్న సంగతి చెప్పాను. మంచు సంగతి, అమ్మ అడగడం, ఆ పెద్దమనిషి లేచి నిలబడటం. అడగబట్టే పోయాడని అమ్మ నమ్మడం, నేను నమ్మడం, పెళ్లయి వచ్చిన పిల్లకు కారణం చెప్పకుండా ఆజ్ఞ మాత్రం ఇవ్వడం. చెబుతుంటే సిగ్గేసింది. ముప్పై ఆరేళ్లలో ఏ రోజైనా ఈ పది నిమిషాలు నేను నడిచి ఉంటే, తుపాను రోజుల్లో ఒక్కరోజు నడిచి ఉంటే! చదువుకున్నదాన్ని, రోజూ ఈ స్టేషన్లోనే లోకల్ ఎక్కి బడికి పోయినదాన్ని. ఈ గది ముందునుంచే నడిచాను. తలుపు వైపు చూడకుండా నడిచాను.

వదిన అంతా విన్నది. కోప్పడుతుందనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను.

"అత్త ఆ రోజు ఎల్లకపోయినా మావ పోయినోడే కదా పుష్పా," అంది మెల్లగా.

అంతే. యాభై ఏళ్లలో మా ఇంట్లో ఒక్కరికీ తోచని మాట. నేను బెంచీ మీదే వంగి మొహం కొంగులో దాచుకున్నాను. మా నాన్న కోసం అంత ఏడుపు నాకు తొమ్మిదేళ్లప్పుడు కూడా రాలేదు. వదిన చెయ్యి నా వీపు మీద ఉంది.

వాన కొంచెం తగ్గాక లేచాం. అభిజిత్ ఒక చీటీ మీద లాబీ నంబరు రాసిస్తే కారుణ్య ఫోన్లో వేసుకుంది. బ్రిడ్జి మీదికి వచ్చాక, రైలింగు పట్టుకుని ఆయాసం తీర్చుకుంటూ వదిన అడిగింది.

"ఆదారం ఆడికి రెస్టేనా?"

"ఆదివారం రెస్టే అత్తమ్మా. ఎందుకు?"

"అయితే ఆదారం మద్దేనం ఆ రింగులట్టుకుని నా కాడికి రా. ముడి జారకుండా ఎలా బిగబట్టాలో సూపిస్తాను."

కారుణ్య ఆగిపోయింది. "మీరు దిద్దుతున్నారని నాకు తెలుసు," అంది తల వంచుకుని. "నా ముడులు అంత బాగా ఉండవు కదా. నేర్పకుండా దిద్దడమెందుకో అర్థం కాలేదంతే."

"ఇప్పుడు నేర్పుతాను. గానీ ఒకటి ఒప్పుకోవాల. ఆడు డ్యూటీకెల్తే నువ్వు సూది ముట్టుకోకూడదు. ఏలకి రాకపోతే పోన్ సెయ్యి, నేపోతే ఇదిగో ఇలాగొచ్చి అడుగు. ఆడు ఇంటికాడుంటేనే కుట్టాల."

పిల్లకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ముక్కు తుడుచుకుంది.

"ఆయన ఇంట్లో ఉండేదే నెలకు నాలుగు రోజులు. అలాగైతే ఒక్కటీ పూర్తవదు అత్తమ్మా."

"పూర్తవకపోనీ," అంది వదిన.